"ఇది పరీక్షకి వస్తాదా మాస్టారూ" అని అడిగితే మీరేం చెప్తున్నారు?

వంశధార_సోషల్

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఎనిమిది, తొమ్మిది, పది మూడూ నావే.

ఏ పాఠం ఎత్తుకున్నా పది నిమిషాల్లో ఏదో ఒక బెంచీ నుంచి గొంతు లేస్తుంది, "మాస్టారూ, ఇది పరీక్షకి వస్తాదా?" అని. రాదంటే పెన్నులకి మూతలు పడిపోతాయి. వస్తుందంటే "ఎన్ని మార్కులకి?" ఎనిమిదో తరగతిలో ఈ గోల కొంచెం తక్కువ, పదికొచ్చేసరికి ఇక అదే ధ్యాస. పిల్లల్ని అనడం లేదు, ఏడాది పొడుగునా స్లిప్ టెస్టులు, ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు, పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్ పెట్టి మనమే అలా తయారుచేశాం.

నా బాధ వేరే. పది పాసై వెళ్లిన పిల్లలు రోడ్డు మీద కనిపిస్తుంటారు, బాగానే పలకరిస్తారు. చేతిలో ఫోనుంటుంది, కావలసిందంతా అందులోనే ఉంది, కానీ తెలియనిది ఎదురైతే వెతికి తెలుసుకుందామన్న ఆలోచనే రాదు. బ్యాంకులో ఫారం నింపాలంటే పక్కవాణ్ని బతిమాలుకుంటారు. వాట్సాప్‌లో ఏదొస్తే అదే నిజం. రేపు వీళ్లు చెన్నై వెళ్తారో, చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారో, ఇక్కడే ఉంటారో తెలీదు, ఏ పనిలో ఉన్నా ఆ పని మారిపోతూనే ఉంటుంది, మేం పదేళ్లు చెప్పిందాంతో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? ట్రైనింగుల్లో జీవితాంతం నేర్చుకోవడం గురించి ఒక స్లైడు వేస్తారు గానీ మనం టీ తాగి వచ్చేసరికి అది అయిపోతుంది.

అందుకని అడుగుతున్నాను. సిలబస్ వదలకుండా, 45 నిమిషాల పీరియడ్‌లో, కిక్కిరిసిన క్లాసులో, ఈ అలవాటు వేయడానికి మీలో ఎవరైనా నిజంగా చేసి చూసినవి ఉంటే చెప్పండి. సిద్ధాంతాలు వద్దు, అవి నాకూ వచ్చు. నెలకి ఎక్కువ లైబ్రరీ పుస్తకాలు చదివినవాళ్లకి గిఫ్టులు పెడదామని ఒక ఆలోచన ఉంది. ఎలా ఉంటుందంటారు?

టెక్కలి_బయాలజీ

గిఫ్టుల సంగతి ముందు చెప్పేస్తాను మాస్టారూ, వద్దు. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నర్సరీ పిల్లల మీద చేసిన ఒక ప్రయోగం ఉంది, బీఈడీలో మీరూ చదివే ఉంటారు. బొమ్మలేయడం ముందు నుంచీ ఇష్టమున్న పిల్లల్నే ఎంచుకుని మూడు గుంపులు చేశారు. బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ఒక గుంపుకి ముందే చెప్పారు. ఇంకో గుంపుకి చెప్పకుండా చివర్లో చేతిలో పెట్టారు. మూడో గుంపుకి ఏమీ లేదు. వారం రెండు వారాలయ్యాక ఆడుకునే టైములో రంగు పెన్నులు అక్కడ పడేసి చూస్తే, ముందే ఆశ పెట్టిన గుంపు బొమ్మల మీద గడిపిన టైము మిగతావాళ్లలో సగమే. ఉన్న ఇష్టం కాస్తా పోయింది. మీ దగ్గరైతే ముందు పల్చటి పుస్తకాలన్నీ అయిపోతాయి, చూడండి కావాలంటే.

నేను చేసేది చెప్తాను. క్లాసులో గోడకి ఒక చార్టు అతికించాను. ఎవరైనా ఏ ప్రశ్నైనా రాయొచ్చు, పేరు అక్కర్లేదు, మార్కుల్లేవు. శుక్రవారం చివరి పీరియడ్‌లో ఒకటి ఎత్తుకుంటాం. మొదట్లో వచ్చినవన్నీ పాఠం వెనకాల ఉండే ప్రశ్నలే, అవి రాస్తే మేడమ్ సంతోషిస్తుందని వాళ్ల లెక్క. నేను అవేవీ ఎత్తుకోలేదు. కొన్నాళ్లకి అసలువి రావడం మొదలైంది.

మాకు తేలినీలాపురం దగ్గర కదా. సెప్టెంబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా అక్కడ చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. మా వైపు అందరూ వాటిని సైబీరియా పక్షులనే అంటారు. ఒకడు చార్టు మీద ఇలా రాశాడు: "సైబీరియా పక్షులు మన ఊళ్లోకొచ్చి పిల్లల్ని ఎందుకు పెడతాయి? వాటికి ఊరు లేదా?"

నాకు తెలీదన్నాను. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. టీచరుకి తెలియకపోవడమేంటని కొందరి మొహాల్లో కనిపించింది. సరే, ఎలా తెలుసుకుందాం అన్నాను. ఆ ఊరి పిల్లలు ముగ్గురు చెట్ల కింద నిలబడి చూసిందంతా రాసుకొచ్చారు. గూళ్లున్నాయి, గూళ్లలో పిల్లలున్నాయి, పెద్దవి నోట్లో చేపలు తెచ్చి పెడుతున్నాయి. లైబ్రరీ బీరువాలోంచి పక్షుల పుస్తకం తీశాం, నా ఫోన్లో పటం తీశాం. గూడబాతులు గుడ్లు పెట్టే దేశాలు చూస్తే ఇండియా, శ్రీలంక, కంబోడియా, అంతా ఇటే. సైబీరియా ఊసే లేదు. ఎర్రకాళ్ల కొంగదీ అదే కథ. ఉత్తరాన చలికి తట్టుకోలేక వచ్చే పక్షులు వేరే ఉన్నాయి, అవి చలికాలం ఇక్కడ గడిపేసి వెనక్కి పోయి అక్కడ గూడు కడతాయి. ఇక్కడే గూడు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయంటే వీటికి ఇదే పుట్టిల్లు, మిగతా నెలల్లో నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. ఈ ముక్క నేను చెప్పలేదు, పటం ముందు పెట్టుకుని గూడు ఎవరు ఎక్కడ కడతారన్న మాట దగ్గర ఒక పిల్ల పట్టుకుంది.

ఆ ప్రశ్న రాసినవాడు ఇంటికెళ్లి చెప్తే వాళ్ల తాత ఒప్పుకోలేదట. "మీ టీచరమ్మకేటి తెలుసు, నా చిన్నప్పట్నుంచి అవి సైబీరియావే" అన్నాట్ట. మర్నాడు ఆ గుంటడు వచ్చి "మేడమ్, తాతకి ఎలాగ రుజువు చెయ్యాలి?" అని అడిగాడు. దాని మీద ఇంకో శుక్రవారం నడిచింది.

విజయనగరం_మ్యాథ్స్

మేడమ్, చదవడానికి బాగుంది. కానీ పక్షులూ చార్టులూ ఎనిమిదో తరగతి దాకా. పదో తరగతి చెప్పేవాడి మెడ మీద ఎప్పుడూ కత్తి వేలాడుతుంటుంది, రిజల్ట్ తగ్గితే మీటింగులో నిలబెట్టి అడిగేది మనల్నే, చార్టు మీద ఎన్ని ప్రశ్నలొచ్చాయని ఎవడూ అడగడు. ఇంకో మాట, ఎవరికైనా కోపమొస్తే రానివ్వండి. నా క్లాసులో మూడో వంతు పిల్లలకి భాగాహారం సరిగ్గా రాదు. భాగాహారం రానివాడికి "నాయనా, జీవితాంతం నేర్చుకుంటూ ఉండు" అని చెప్పడం ఎగతాళి చేసినట్టే. ముందు చదవడం, రాయడం, లెక్క. అవి చేతిలో ఉంటే మిగతాది వాడే చూసుకుంటాడు, లేకపోతే ఎంత కుతూహలం ఉన్నా ఆ పక్షుల పుస్తకం వాడికి బొమ్మల పుస్తకమే.

అలాగని వంశధార మాస్టారి ప్రశ్న కొట్టిపారేయను. నేను చేసేది ఒకటుంది. స్లిప్ టెస్టు పేపర్ మీద ముందు మార్కు వేయను. తప్పు జరిగిన లైను కింద ఎర్ర గీత గీసి ఇచ్చేస్తాను. తప్పేంటో చెప్పను. వాడే పట్టుకుని దిద్దుకొస్తే అప్పుడు మార్కు, అదీ పూర్తి మార్కు. మొదట్లో "సార్, ఆన్సర్ చెప్పేయండి" అని వెంటపడేవాళ్లు.

ఒక ఉదాహరణ. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. సూత్రం వందసార్లు రాయించినా వారానికి మళ్లీ అదే. ఇప్పుడు నేనొక్కటే అంటాను, "ఎ బదులు 2, బి బదులు 3 వేసి చూడు" అని. రెండూ మూడూ ఐదు, ఐదు వర్గం 25. నాలుగూ తొమ్మిదీ కలిపితే 13. వాడే తల గోక్కుంటాడు, "మిగతా 12 ఎక్కడికి పోయింది సార్?" అని. ఆ 12 ఎక్కడుందో వెతకమంటాను, దొరుకుతుంది, రెండు ఇంటూ రెండు ఇంటూ మూడు. తర్వాత ఏ సూత్రం మీద అనుమానమొచ్చినా చిన్న అంకెలు వేసి చూసుకుంటాడు, నా దాకా రాడు. తను చేసింది తప్పో ఒప్పో ఇంకొకణ్ని అడగకుండా చూసుకోవడం వస్తే, నా మట్టుకు నాకు మీరు చెప్పే అలవాటు అదే. దీనికి ప్రత్యేకం పీరియడ్ అక్కర్లేదు, రిజల్టూ పడిపోదు.

బొబ్బిలి_రిటైర్డ్_హెచ్ఎం

నాయనా, మీ ఇద్దరి మాటా విన్నాను. నేనింకోటి అంటాను. పిల్లలకి మనం నేర్చుకోవడం ఎప్పుడైనా కనిపిస్తోందా? వాళ్లు చూసినంతవరకూ మాస్టారంటే అన్నీ నేర్చేసుకుని కూర్చున్న మనిషి. అంటే నేర్చుకోవడం అయిపోవడమే పెద్దరికం అని మనమే చూపిస్తున్నాం.

మన గిడుగు రామమూర్తి గారు ఏం చేశారు? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు, 1880లో పర్లాకిమిడిలో టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బీఏ కట్టారు. శ్రీముఖలింగం గుడి గోడల మీద శాసనాలుంటే వాటి లిపి సొంతంగా కుస్తీ పట్టి నేర్చుకున్నారు. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట అర్థం కావాలని ఆ భాష తెలిసినవాణ్ని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సొంత డబ్బు పెట్టి వాళ్ల పిల్లలకి బడులు నడిపారు. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం మద్రాసులో అచ్చయ్యేసరికి 1931, అప్పటికి ఆయన డెబ్బైకి దగ్గరపడ్డారు. ఆయన మనలాంటి హైస్కూలు మాస్టారు! మనమేమో ఆగస్టు 29 వచ్చిందంటే ఫొటోకి దండేసి, తెలుగు తీయదనం మీద వ్యాసరచన పెట్టి, మూడు బహుమతులిచ్చి పంపేస్తాం.

చేయగలిగినది ఒకటి చెప్తాను. ఇచ్ఛాపురం వైపు బళ్లలో ఒడియా మాట్లాడే పిల్లలుంటారు, సీతంపేట, పాలకొండ వైపు సవర పిల్లలుంటారు. అలాంటి పిల్లలు మీ క్లాసులో ఉంటే రోజుకొక మాట వాళ్ల దగ్గర నేర్చుకోండి, అందరి ముందూ. తప్పు పలకండి, వాళ్లని దిద్దనివ్వండి. నోరు మెదపని పిల్ల కూడా మాస్టారి ఉచ్చారణ దిద్దడానికి లేచి నిలబడుతుంది.

అలాగే లైబ్రరీ బీరువా తాళం హెచ్ఎం జేబులో ఉండకూడదు. నేను ఉన్నన్నాళ్లూ తొమ్మిదో తరగతి పిల్లకి ఇచ్చేవాణ్ని. ఆడిట్‌లో అడుగుతారని భయపడితే ఆ పుస్తకాలు చెదపురుగులే చదువుతాయి.

విజయనగరం_మ్యాథ్స్

గురువుగారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. గిడుగు వారి కథ మనకి ఉపయోగపడుతుంది, పిల్లలకి కాదు. వాళ్లకి ఆయన గోడ మీద ఫొటో. వాళ్లు రోజూ చూసే మనుషుల్లోంచి ఎవరైనా కావాలి.

ఓపెన్_స్కూల్_బ్యాచ్

టీచర్ల మధ్యలో దూరుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది సంతబొమ్మాళి వైపు. తొమ్మిదిలో బడి మానేశాను. కొన్నాళ్లు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని, తర్వాత ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ కట్టి పాసయ్యాను. (ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నాను, ఓపెన్ స్కూల్లో పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయసు పరిమితి లేదు, సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయక్కర్లేదు.) ఇప్పుడు వైజాగ్‌లో ఏసీ మెకానిక్‌ని.

మ్యాథ్స్ సార్ అడిగిన మనిషి మా నాన్న. బడికెళ్లింది మూడో తరగతి దాకా. చిన్నప్పుడు కొండ ఆనవాలు, చుక్కల ఆనవాలు పట్టుకుని వేటకెళ్లేవారు. బోట్లకి జీపీఎస్ వచ్చాక పాతవాళ్లలో సగం మంది దాన్ని కుర్రాళ్ల చేతికిచ్చేశారు, ఈయన మాత్రం ఇవ్వలేదు. రాత్రుళ్లు సెట్టు ఇంటికి తెచ్చుకుని, అంకెలు సిగరెట్ పెట్టె మీద రాసుకుని, మర్నాడు వెళ్లి సరిచూసుకుని నేర్చుకున్నారు. ఇప్పుడు ఎక్కడ వల వేశారో అడిగితే ఉత్తరం 18 డిగ్రీల 25 నిమిషాలు, తూర్పు 84 డిగ్రీల 40 నిమిషాలు అని చెప్తారు. ఉత్తరం అంకె ఒక నిమిషం మారితే సముద్రం మీద ఒక నాటికల్ మైలు అని, తూర్పు అంకె అయితే కొంచెం తక్కువని ఆయనకి తెలుసు. ఆ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, అక్షాంశాల పాఠంలోది, ఆ పాఠం నేను బట్టీ పట్టి రాశాను గానీ అర్థమైంది ఆయన చెప్పినప్పుడే. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది, ఉపగ్రహాలతో నీటి వేడి, నాచు రంగు చూసి చేపలు ఎటు ఎక్కువుండొచ్చో చెప్తారు. ఆ మెసేజ్ వస్తే ఈయన గుడ్డిగా వెళ్లరు, నిన్న తనకి పడిన చోటుతో పోల్చుకుని అప్పుడు వెళ్తారు.

నా పనిలో కూడా అంతే. నేర్చుకున్నప్పుడు అంతా ఆర్22 గ్యాస్. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్32, దానికి కొంచెం అంటుకునే గుణం ఉంది, పాత పద్ధతిలో వెల్డింగ్ చేస్తే ప్రమాదం. ఇన్వర్టర్ బోర్డులొచ్చాయి, ఒక్కో కంపెనీకి ఒక్కో ఎర్రర్ కోడ్. నేర్పేవాడు ఎవడూ ఉండడు, మాన్యువల్ చూసుకోవాలి, అదీ ఇంగ్లీషులో.

ఇందులో బడి నుంచి నాకు పనికొచ్చింది ఏంటంటే నవ్వుతారు. మా సోషల్ మాస్టారు అట్లాస్ వెనకాల ఇండెక్స్ చూడటం నేర్పారు. ఊరి పేరు చెప్పేవారు, అక్షరం వరస చూసుకుని, పేజీ నెంబరు, గడి నెంబరు పట్టుకుని ఆ ఊరి మీద వేలు పెట్టాలి. రెండు బెంచీలకి పోటీ. అది ఏ పరీక్షకీ రాలేదు. కానీ ఎంత లావు పుస్తకమైనా మొదట్నుంచి చదవక్కర్లేదు, నాకు కావలసిన ముక్క ఎక్కడుందో పట్టుకోవచ్చు అన్న ధైర్యం అక్కడిదే. మాన్యువల్ తెరిస్తే నా చెయ్యి ముందు వెనక పేజీలకే వెళ్తుంది.

పొందూరు_అమ్మాయి

నేను టీచర్ని కాను, అమ్మని. మా పాపకి ఊరి చేతిపనుల మీద ప్రాజెక్టు ఇచ్చారు. పొందూరు ఖాదీ ఎంచుకుంది. నేరుగా నెట్ సెంటర్‌కెళ్లి రంగుల ప్రింట్లు తెచ్చి అతికించింది, ఇంట్లో నాయనమ్మ రాట్నం ముందు కూర్చుని ఉండగా! టీచరు కూడా ఏ గ్రేడ్ వేసి పంపేశారు, పేజీ ఎవరు రాశారని అడగలేదు. నాకు ఒళ్లు మండింది.

నేనే కూర్చోబెట్టాను ఆవిడ దగ్గర. వాలుగ చేప దవడ ఎముక చేతిలో పెడితే ముందు ఛీ అంది. దాని పళ్లు దువ్వెనలా సన్నగా ఉంటాయి, గింజల మీదున్న పత్తిని దాంతోనే ఏకుతారు. నాయనమ్మ చేతిలో చెత్తంతా విడిపోయి పట్టులా వస్తుంటే, మా పాప చేస్తే ఉండలు కట్టేసింది. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. ఇనుప దువ్వెన ఎందుకు వాడరు? కొండపత్తే ఎందుకు? ఈ పని చేసేవాళ్లలో చిన్నవాళ్లు ఎందుకు లేరు? చివరిదానికి ఆవిడ చాలాసేపు జవాబు చెప్పలేదు, ఆ తర్వాత కూలి లెక్క చెప్పింది.

2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల మధ్యలో ఎప్పుడైనా పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా, ఊళ్లో వడ్రంగులు, కుమ్మరులు లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోమని రాశారు. కాగితం మీద ఉన్నదాన్నే వాడుకోండి మాస్టారూ, ఎవరి పర్మిషనూ కొత్తగా అక్కర్లేదు.

వంశధార_సోషల్

ఇంతమంది రాస్తారనుకోలేదు. గిఫ్టుల ఆలోచన మానేశాను. చార్టు పెడతాను, కానీ పేరు రాయాలా వద్దా అన్నది చూడాలి, మా తొమ్మిదో తరగతి బ్యాచ్‌కి పేరు అక్కర్లేదంటే ఏం రాస్తారో నాకు తెలుసు. ఎర్ర గీత పద్ధతి మ్యాప్ పాయింటింగ్‌కి సరిగ్గా సరిపోతుంది, నది తప్పు చోట గీస్తే అట్లాస్ ఇచ్చి నువ్వే చూసుకో అనొచ్చు. మ్యాథ్స్ సార్, చదవడం రాని పిల్లల సంగతి మాత్రం మీరన్నదే నిజం, వాళ్లకి విడిగా ఏదో ఒకటి చేయకుండా ఇవన్నీ పెడితే బాగా చదివే ఎనిమిది మందే అన్నీ చేసేస్తారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. దాని మీద ఇంకో థ్రెడ్ పెట్టండి, నేనూ రాస్తాను.

నాకు బాగా పట్టుకున్నది ఓపెన్ స్కూల్ తమ్ముడి నాన్నగారి సంగతి. మా పిల్లల్లో సగం మంది నాన్నలు వేటకెళ్లేవాళ్లే. అక్షాంశాల పాఠానికి వాళ్లలో ఒకరిని పిలుద్దామని అడిగాను, "మేం చదువుకోనోళ్లం, బడికొచ్చి ఏటి చెప్తాం బావూ" అని నవ్వేసి వెళ్లిపోయారు. ఎలా రప్పించాలి?

ఓపెన్_స్కూల్_బ్యాచ్

మాస్టారూ, ఇప్పుడు పిలిస్తే రారు, సీజన్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అప్పటికి మీకు ఒంటిపూట బడులు, సెలవులివ్వడానికి ఇంకా కొన్ని రోజులుంటాయి కదా, ఆ మధ్యలో పెట్టుకోండి. పాఠం చెప్పమని మాత్రం అనకండి. పిల్లలు జీపీఎస్ సెట్టు చూస్తామంటున్నారు, ఒకసారి పట్టుకొచ్చి చూపించండి అని అడగండి. సెట్టు చేతిలో ఉంటే మాట అదే వస్తుంది. మొదటి ప్రశ్న మీరు వేయకండి, వాళ్ల పిల్లాడి చేతే వేయించండి. ఎవరూ రాకపోతే నాకు మెసేజ్ పెట్టండి, మా నాన్నని పంపిస్తాను, కాకపోతే బెల్లు కొట్టినా ఆయన ఆపడు, తర్వాత పీరియడ్ ఎవరిదో వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.